పాటలో మాత్రం ‘నువ్వు’: తెలుగు యుగళగీతంలో పిలుపూ జవాబూ

1950, 60ల నాటి తెలుగు సినిమాల్లో భార్య భర్తను ‘ఏమండీ’ అని పిలుస్తుంది, ‘మీరు’ అంటుంది. కాస్త చదువుకున్న ఇంటి పిల్ల అయితే పెళ్లికి ముందు ప్రేమించే రోజుల్లో కూడా మాటల్లో ‘మీరు’ దాటి రాదు. అదే మనిషి పాట అందుకోగానే ‘నీవు’, ‘నీ’, ‘రావోయి’ అనేస్తుంది. పాట ముగిసి సంభాషణ మొదలయ్యేసరికి మళ్లీ ‘మీరు’. ఈ మార్పు ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. చాలామంది గమనించి కూడా ఉండరు. మాటలు ఒకరు, పాటలు ఒకరు రాయడం వల్ల దొర్లిన తేడా అనుకోవడానికీ లేదు. ‘మాయాబజార్’ (1957)లో మాటలూ పాటలూ రెండూ పింగళి నాగేంద్రరావువే. అందులో కూడా యుగళగీతాలకు వాటి మర్యాద వాటికి ఉంది, ఇంటి మర్యాదతో దానికి పనిలేదు.

యుగళగీతం అనగానే అందరూ రెండు గొంతులు కలవడం గురించి మాట్లాడతారు. ఘంటసాల–లీల, ఘంటసాల–సుశీల, బాలు–జానకి, బాలు–చిత్ర అంటూ జంటల పేర్లు చెప్పుకుంటారు. గొంతుల సంగతి నిజమే. కానీ తెలుగు జంట పాటను నిలబెట్టేది ఎక్కువగా మరో లెక్క: ఏ మాట ఎవరి నోట వస్తోంది, అది ఎవరిని ఉద్దేశించింది, అవతలివాళ్లు దాన్ని ఎలా అందుకున్నారు. ఈ లెక్క కుదిరిన పాటలు అరవై ఏళ్లయినా పాతబడలేదు. కుదరని పాటలు బాణీ ఎంత బాగున్నా బాణీగానే మిగిలాయి.

పాటలో స్త్రీ పురుషుణ్ని ఏకవచనంలో పిలవడం సినిమా కనిపెట్టిందేమీ కాదు. ‘పదాలు’ అనే పాత శృంగార గేయాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుణ్ని ‘రా’ అని పిలుస్తుంది, నిలదీస్తుంది, ఎద్దేవా చేస్తుంది, గదిలోకి రావద్దని కూడా అంటుంది. ఇంట్లో భర్తను పేరు పెట్టి పిలవడమే తప్పయిన సమాజం అది. కూచిపూడి భామాకలాపంలో చెలికత్తె మాధవి ‘నీ మగని పేరేమిటి’ అని అడిగితే అంతటి సత్యభామా సిగ్గుతో మెలికలు తిరుగుతుంది. ఆ ఘట్టం ఇప్పటికీ రంగస్థలం మీద నవ్వులు పూయిస్తుంది. మాటల్లో పేరు కూడా చెప్పలేని స్త్రీకి పాటలో ‘రా’ అనే చనువు దొరికింది. దేవుడికీ ప్రియుడికీ ఒకే పిలుపు వాడే భక్తి శృంగార సంప్రదాయం ఆ చనువుకు రక్షణ ఇచ్చింది. సినిమా నాయిక ఆ హక్కును వారసత్వంగా తీసుకుంది.

అయితే పదంలో జవాబు ఉండదు. నాయిక నాయకుడితోనో చెలికత్తెతోనో చెప్పుకుపోతుంది. అతను వింటాడు, చాలాసార్లు అక్కడ ఉండనే ఉండడు. రాసినవాడు మగవాడు, పాడినవారు చాలాకాలం దేవదాసీ కుటుంబాల స్త్రీలు. పాటలోని పురుషుడికి మాత్రం నోరు లేదు. సినిమా పాట ఆ పురుషుడికి గొంతు ఇచ్చింది. అతనికి గొంతు వచ్చాక ఆమె మాటలు కూడా మారక తప్పలేదు. ఎదుటివాడు ఊరుకోడని తెలిసి మాట్లాడే తీరు వేరు.

ఇక్కడ తెలుగు వ్యాకరణం పాటల రచయితకు చేసిపెట్టే సాయం ఒకటి ఉంది. హిందీలో ‘వెళ్తున్నాను’, ‘వస్తావా’ అనాలంటే చెప్పేది ఆడో మగో, వినేది ఆడో మగో క్రియలోనే తెలిసిపోతుంది. తెలుగులో ‘నేను’కూ ‘నువ్వు’కూ ఆ గొడవ లేదు. ‘వచ్చాను’, ‘పిలిచావు’ ఎవరి నోట్లోనైనా ఒకటే. అతను, ఆమె అని మూడో మనిషి గురించి మాట్లాడినప్పుడే తేడా వస్తుంది. అంటే ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ప్రేమికులు ఒకే వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఒకరి తర్వాత ఒకరు పాడుకోవచ్చు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే మాయా పేటికలో ఒకరినొకరు చూసుకుంటూ శశిరేఖా అభిమన్యులు పాడే ‘నీవేనా నను తలచినది’ ఇలాంటిదే. ఆ ప్రశ్న అతను అడిగినా ఆమె అడిగినా చెల్లుతుంది. దూరంగా ఉన్న ఇద్దరికీ ఒకే సందేహం, ఒకే ఆశ. దాన్ని మాటలతో వివరించాల్సిన అవసరం లేకుండా వ్యాకరణమే చూసుకుంది.

అదే సినిమాలోని ‘చూపులు కలిసిన శుభవేళ’ ఈ వీలును మరింత తెలివిగా వాడుకుంది. అతను ఆమెను ‘ఎందుకు నీకీ కలవరము’ అని అడుగుతాడు. తన వంతు వచ్చినప్పుడు ఆమె అదే వాక్యాన్ని తిప్పి అతని మీదికే వేస్తుంది, ఒక్క మాట మారుస్తుంది: ‘కలవరము’ తీసి ‘పరవశము’ పెడుతుంది. నా తడబాటు సంగతి సరే, నీ మైమరపు మాటేమిటి అని అడిగినట్టు. రెండు మాటలూ ఒకే తూకంలో ఉన్నాయి కాబట్టి బాణీ చెక్కుచెదరదు. తూకం ఒకటే, అర్థం వేరు. అతను చూసింది ఆమె కంగారు, ఆమె చూసింది అతని ఒళ్లు తెలియని స్థితి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ లొంగిపోయారో ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. మూడు నిమిషాల పాటలో ఇంతకన్నా పొదుపైన జవాబు దొరకడం కష్టం.

ఆడా మగా తేడా క్రియలో లేదు కాబట్టి, అది కావాలనుకున్నప్పుడు పిలుపు చివర తగిలించాలి. అతను పిలిస్తే ‘రావే’, ‘ఏమిటే’. ఆమె పిలిస్తే ‘రావోయి’, ‘ఏలనోయి’, ఇంకా దగ్గరైతే ‘రారా’. ఈ చిన్న తోకలు తెలుగు యుగళగీతంలో చాలా పని చేస్తాయి. సి. నారాయణరెడ్డి సినిమాకు రాసిన మొదటి పాటల్లో ఒకటి, ‘గులేబకావళి కథ’ (1962)లోని ‘నన్ను దోచుకొందువటే’. అందులో ఆ ‘టే’ వినగానే పాడేది మగవాడని, ఎదుట ఉన్నది ఆడమనిషని తెలిసిపోతుంది. అతను ఆమెను దొరసానిగా, దొంగగా ఒకేసారి చేసి మాట్లాడుతున్నాడు. ‘దోచుకొందువటే’ అన్నదానికి ఆమె ఇచ్చే జవాబు ‘కన్నులలో దాచుకొందు’. ఒక్క గుణింతం తేడా. దొంగతనం మోపితే ఆమె కాదనలేదు, దోచిన సొమ్మును ఎక్కడ దాస్తుందో చెప్పింది, కళ్లలో అని. చివర ‘నా సామి’ అని అతన్ని పెద్దరికంలో కూర్చోబెట్టింది కానీ, అప్పటికే అతను ఆమె కళ్లలో బందీ. ఈ తరహా ఎత్తుకు పై ఎత్తు తెలుగు శ్రోతకు కొత్తేమీ కాదు. నాటకాల్లో పద్యానికి పద్యం బదులు చెప్పే తీరు, యక్షగానాల్లో పాత్రలు దరువుల్లో వాదించుకునే తీరు ముందునుంచీ అలవాటు.

బంధుత్వపు పిలుపులు ఇంకో దారి. తెలుగునాట మేనరికాలు మామూలైన కుటుంబాల్లో బావ, మరదలు, మామ అన్నవి చుట్టరికాలే కాదు, పెళ్లికి వీలున్న వరసలు. ‘బావా’ అని పిలిస్తే చాలు, ప్రేమ ఉందని వేరే చెప్పనక్కర్లేదు. నండూరి సుబ్బారావు 1920లలో గోదావరి సీమ పల్లె మాటతో రాసిన ఎంకి పాటల్లో నాయుడు బావ అందుకే ఉత్త నాయుడు కాదు. ఆ తర్వాత పల్లెటూరి కథల సినిమాల్లో నాయిక ‘మావా’ అని పిలిస్తే, ఆ పిలుపులో మొగుడూ మేనమామా ప్రియుడూ ముగ్గురూ పలుకుతారు. పట్నపు కథల్లో ‘ప్రియా’, ‘సఖీ’, ‘చెలీ’. ఒక పాటలో ఏ పిలుపు ఉందో చూస్తే ఆ జంట ఏ ఊరిదో, ఎంత చదువుకుందో చాలావరకు చెప్పొచ్చు.

తెలుగు వాక్య నిర్మాణం కూడా జంట పాటకు కలిసొచ్చింది. మన వాక్యంలో అసలు క్రియ చివర వస్తుంది. అంతవరకూ ‘వస్తుంటే’, ‘చూస్తే’, ‘పట్టుకుని’ అంటూ ముక్కలు పేర్చుకుంటూ పోవచ్చు. వింటున్నవాడు చివరి మాట దాకా ఆగాల్సిందే. ‘ఆత్మబలం’ (1964)లో ఆత్రేయ రాసిన ‘చిటపట చినుకులు పడుతూ ఉంటే’ ఈ సౌకర్యం మీదే నడుస్తుంది. వాన పడుతూ ఉంటే అని ఒకరు మొదలుపెడతారు, చెలికాడు పక్కనుంటే అని మరొకరు కలుపుతారు, చేతులు పట్టుకుని చెట్టు నీడకు పరుగెడుతుంటే అని ఇంకో ముక్క. వాక్యం ఎక్కడ తేలుతుందో తెలియదు. చివరికి ఆ హాయి వెచ్చగా ఉంటుందని తేలుతుంది, తోకకు మళ్లీ ఒక ‘ఓయి’. ఇద్దరు మనుషులు కలిసి ఒకే వాక్యాన్ని పూర్తి చేశారు. ఒకరు ‘ఉంటే’ దగ్గర ఆపితే రెండోవారు రాకుండా ఆ వాక్యానికి అర్థం లేదు. ప్రేమ గురించి ఒక్క సిద్ధాంతమూ చెప్పకుండా, ఘంటసాల సుశీలల గొంతుల్లో ఆ పాట ఇద్దరి ఆధారపడటాన్ని చూపించేసింది. వానపాటలు తర్వాత వందలొచ్చాయి. తడిసిన చీరలు పెరిగాయి, ఈ వాక్యం మాత్రం మళ్లీ అంత బాగా కుదరలేదు.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడనే మాట్లాడని యుగళగీతం కూడా ఉంది, బహుశా తెలుగులో అన్నిటికన్నా గొప్పది అదే. ‘మిస్సమ్మ’ (1955)లో ‘రావోయి చందమామ’. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తున్న ఇద్దరు నిరుద్యోగులు. అతను హిందువు, ఆమె క్రైస్తవ కుటుంబంలో పెరిగింది. ఒకే ఇంట్లో ఉండాలి, నలుగురి ముందు దంపతుల్లా మెలగాలి, లోపల ఎడమొహం పెడమొహం. ఆ రాత్రి ఇద్దరూ చందమామకు ఫిర్యాదు చేసుకుంటారు. పాటలో ‘రావోయి’, ‘వినుమా’ అన్న పిలుపులన్నీ చంద్రుడికే. ఒకరి గురించి ఒకరు చెప్పేటప్పుడు సతి, పతి, అతను అనే మాటలే. ‘నువ్వు’ అన్న మాట ఒకరు మరొకరితో అనరు. కానీ ఇద్దరూ వినేంత దగ్గరలోనే ఉన్నారు, వినాలనే పాడుతున్నారు.

పింగళి ఇక్కడ చేసింది మామూలు పని కాదు. తెలుగిళ్లలో కోపం వచ్చిన మొగుడూ పెళ్లాలు నేరుగా మాట్లాడుకోరు. పిల్లాడితోనో గోడతోనో చెబుతారు, ‘మీ నాన్నకు అన్నం పెట్టానని చెప్పు’ అంటారు. అది అసలైన దాంపత్యానికి గుర్తు. నటిస్తున్న జంట ఆ గుర్తును తెలియకుండానే పట్టుకుంది. భార్యాభర్తలం కామని చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి అచ్చం భార్యాభర్తల పద్ధతి. పైగా అతను చంద్రుడితో తనని తాను పతి అంటాడు, ఆమె తనని తాను సతి అంటుంది. చుట్టుపక్కల ఎవరూ చూడనప్పుడు ఆ వేషం దేనికి? అక్కడే కథ మలుపు ఉంది, ప్రేక్షకుడికి ముందే తెలుస్తుంది, వాళ్లకు తెలియదు. పాట వంతుల పంపకం కూడా కోర్టులో వాదం లాగే ఉంటుంది. ముందు అతని ఫిర్యాదు, తర్వాత ఆమెది, మళ్లీ అతనిది, ఆమెది. ఒకరి మాటకు ఒకరు అడ్డు రారు. ఏ.ఎం. రాజా గొంతు మెత్తన, పి. లీల గొంతులో కొంచెం బిరుసు. సాలూరి రాజేశ్వరరావు బాణీ ఇద్దరికీ ఒకటే. తగాదా మాటల్లో ఉంది, బాణీలో రాజీ అప్పటికే కుదిరిపోయింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ‘లాహిరి లాహిరి లాహిరిలో’. ‘మాయాబజార్’ పడవ పాట. శశిరేఖా అభిమన్యుల విహారంగా మొదలై, రుక్మిణీ కృష్ణుల దాకా, రేవతీ బలరాముల దాకా వెళ్తుంది. మూడు జంటలు, గొంతులు మాత్రం ఘంటసాల, లీల ఇద్దరివే. ఇది ఎలా కుదిరింది? పాట మాటలు ఒక్కసారి చదివితే తెలుస్తుంది: అందులో ఎక్కడా ‘నువ్వు’ లేదు, ‘నేను’ లేదు, పిలుపే లేదు. పరవడిలో, లాలనలో, మధురిమలో అంటూ చరణాల్లో వాక్యాలన్నీ ‘లో’తో ముగుస్తాయి. పాట మొత్తం ఒక స్థలం, ఆ స్థలంలోకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఎవరినీ ఉద్దేశించలేదు కాబట్టే యువ ప్రేమికులకూ నడివయసు దంపతులకూ ఒకేలా సరిపోయింది. పెళ్లిళ్లలో, వార్షికోత్సవాల్లో ఏ వయసు జంట అయినా ఈ పాటను మొహమాటం లేకుండా పాడుకోగలగడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

పిలుపూ జవాబూ సమంగా ఉన్నంత మాత్రాన ఇద్దరి స్థానం సమం అయిపోదు. ‘గుండమ్మ కథ’ (1962)లో ‘ప్రేమయాత్రలకు బృందావనము’ వినడానికి త్రాసులో తూచినట్టుంటుంది. నా చెలి పక్కనుండగా వేరే స్వర్గం ఎందుకు అని అతను. తీర్థయాత్రలకు రామేశ్వరం, కాశీ ఎందుకు, ప్రేమించిన పతి ఎదుట ఉండగా వేరే దైవం ఎందుకు అని ఆమె. ప్రేమయాత్రకు తీర్థయాత్ర జవాబు, ‘ఏలనో’కు ‘ఏలనో’ జవాబు, చమత్కారం పండింది. కానీ అతనికి ఆమె సుఖపడే చోటు, ఆమెకు అతను మొక్కే దేవుడు. తూకం సరిపోయింది, సరుకు వేరు. ఆ కాలపు పాటల్లో ఇది చాలాచోట్ల కనిపిస్తుంది, ‘నువ్వు’ అన్న చనువు ఇచ్చిన చేత్తోనే ‘దైవం’ అన్న మాట కూడా ఆమె నోట పెట్టారు. అలాగని పాటను తీసిపారేయనక్కర్లేదు. గుండమ్మ అల్లుడూ కూతురూ ఇద్దరూ గడుసువాళ్లయిన ఆ కథలో, ఆ మాట ఎంత భక్తితో అన్నదో ఎంత వేళాకోళంగా అన్నదో వినేవాళ్లు తేల్చుకోవచ్చు.

శ్రుతి, అంటే పాటకు ఆధారమయ్యే స్వరం. దాని సమస్య శ్రోతకు కనపడదు కానీ సంగీత దర్శకుడికి తలనొప్పి. కచేరీల్లో మగవాళ్లు సాధారణంగా ఒకటి శ్రుతికి అటూ ఇటూ పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర. యుగళగీతంలో ఇద్దరికీ ఒకే శ్రుతి పెట్టాలి. అతనికి వీలుగా పెడితే ఆమె గొంతు కిందికి పోయి మసకబారుతుంది, లేదా పై స్థాయికి ఎగరాలి. ఆమెకు వీలుగా పెడితే అతను తారస్థాయిలో కష్టపడాలి. మంచి సంగీత దర్శకులు ఈ ఇబ్బందిని అర్థంగా మార్చుకున్నారు. ఇద్దరినీ ఒకే స్థాయిలో పాడిస్తే అతని గొంతు పైకి సాగి, ఆమెది కిందికి దిగి, రెండూ దాదాపు ఒకే రంగులోకి వస్తాయి, చెవిలో చెప్పుకున్నట్టుంటుంది. ఆమెను పై స్థాయిలో పెడితే అతని ప్రశ్నకు జవాబు ఎక్కడో మేడ మీదనుంచి వచ్చినట్టుంటుంది. ఘంటసాలకు మూడు స్థాయిలూ సులువు కావడం వల్ల ఆయనతో పాడిన గాయనులకు ఎంత వెసులుబాటు దొరికిందో లెక్క కట్టలేం.

ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో ఇద్దరు గాయకులూ వాద్యబృందం మొత్తం ఒకేసారి పాడి వాయించాలి. ఒకరు తడబడితే అందరూ మొదటినుంచి. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలకు కాస్త పైన, అందులోనే పల్లవి, చరణాలు, వంతులు అన్నీ సర్దాలి. అందుకే ఆ పాటల్లో వృథా మాట తక్కువ. ఎదుటి గొంతు వింటూ పాడడం వల్ల ఒకరు ఎక్కడ ఊపిరి తీస్తే రెండోవారు అక్కడ అందుకునేవారు. ఒక్కో గొంతునూ విడిగా రికార్డు చేసి కలిపే ట్రాకులు వచ్చాక ఇది మారింది. ఇప్పుడు ఇద్దరూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఊళ్లలో పాడడం మామూలు. స్మ్యూల్ లాంటి యాప్‌లలో డాలస్‌లో ఉన్న ఒకావిడ సగం పాడి పెడితే, తెనాలిలో మరొకాయన మిగతా సగం కలుపుతాడు. సినిమా పాట తయారవుతున్న పద్ధతి కూడా దాదాపు అంతే. గొప్ప గాయకులు ఈ దూరాన్ని దాటగలరు, దాటారు కూడా. బాలసుబ్రహ్మణ్యం పాట మధ్యలో వదిలే చిన్న నవ్వు, జానకి ఒక్క అక్షరాన్ని సాగదీసి పెట్టే అలక ఎదుట మనిషి ఉన్నాడనే భ్రమ పుట్టిస్తాయి.

గాయకుల జంట నిజంగా జంట కానక్కర్లేదని తెలుగు శ్రోతలకు బాగా తెలుసు. ‘సీతాకోకచిలుక’ (1981)లో ‘మాటే మంత్రము’ పాడినది బాలసుబ్రహ్మణ్యం, ఎస్.పి. శైలజ, అంటే అన్నాచెల్లెళ్లు. పెళ్లి మంత్రంలా సాగే ఆ ప్రణయ గీతం ఏ పెళ్లి వీడియోలోనైనా వినిపిస్తుంది, ఎవరికీ ఇబ్బంది కలగదు. మరోవైపు ఏ.ఎం. రాజా, జిక్కి నిజజీవితంలో భార్యాభర్తలు. వాళ్లు కలిసి పాడిన పాటల్లో ప్రేమ వేరేవాళ్ల పాటల్లోకన్నా ఎక్కువని చెప్పడానికి ఆధారమేమీ లేదు. గొంతు పాత్రది, మనిషిది కాదు అన్న ఒప్పందం మీదే ఇదంతా నడుస్తోంది.

1980లకు వచ్చేసరికి వేటూరి, ఇళయరాజా కాలంలో సంబోధన ఇంకో రకంగా మెత్తబడింది. ‘సాగర సంగమం’ (1983)లో ‘మౌనమేలనోయి’ ఆమె గొంతుతోనే మొదలవుతుంది, ఆ ‘ఓయి’ పాత పదాల నాయికది. ‘గీతాంజలి’ (1989)లోని ‘ఓ ప్రియా ప్రియా’లో ఇద్దరూ ఒకరినొకరు ‘ప్రియా’ అనే పిలుచుకుంటారు. సంస్కృతం లెక్కన ఆమెను ‘ప్రియే’ అనాలి. తెలుగు పాట ఆ తేడాను పట్టించుకోలేదు, ఒకే పిలుపును ఇద్దరి మధ్యా బంతిలా వేసింది. చావు నీడలో ఉన్న ఆ ప్రేమికుల కథకు ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో తెలియని ఆ పిలుపే సరైనది.

అదే కాలంలో మరో సంగతీ జరిగింది. డాన్సు పెరిగింది, బీటు పెరిగింది, పంక్తులు చిన్నవయ్యాయి. అతనికి రెండు మాటలు, ఆమెకు రెండు మాటలు, మధ్యలో కోరస్. వంతులు ఉన్నాయి కానీ జవాబు లేదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు: పాటలో ఒకరి పంక్తులు పూర్తిగా తీసేసి మిగతావి చదివి చూడండి. ‘రావోయి చందమామ’లో సగం తీస్తే తగాదా ఏకపక్షం అవుతుంది, ‘చిటపట’లో తీస్తే వాక్యమే కూలుతుంది. 1990ల హిట్లలో చాలావాటికి ఏమీ కాదు. అవి ఇద్దరు పంచుకున్న సోలో పాటలు.

కానుకల పాటలు రెండింటిని పక్కపక్కన పెడితే తర్వాత జరిగింది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ‘భక్త కన్నప్ప’ (1976)లో ‘ఆకాశం దించాలా’ అని అతను అడుగుతాడు, నెలవంక తుంచి తలలో పెట్టాలా అంటాడు. ఆమె అవేవీ అక్కర్లేదంటుంది, తనకు ఏది చాలునో తనే చెబుతుంది. అతని గొప్పలకు ఆమె కళ్లెం వేయడమే పాటలోని సరదా. ‘30 రోజుల్లో ప్రేమించటం ఎలా’ సినిమాలోని ‘నీలి నీలి ఆకాశం ఇద్దామనుకున్నా’లో మళ్లీ ఆకాశం, మళ్లీ నెలవంక. ఇక్కడ మాత్రం ఇవ్వాలనుకున్నదీ, అది నీకు సరిపోదని వెనక్కి తీసుకున్నదీ అతనే. ఆమె అనాల్సిన ‘వద్దు’ను కూడా అతనే అనేశాడు. సునీత గొంతు తర్వాత వచ్చి తన భాగం చక్కగానే పాడుతుంది, కానీ బేరం అప్పటికే ముగిసింది. ఇది మంచి పాట, చంద్రబోస్ ఊహ అందమైనది. సంభాషణ మాత్రం ఇద్దరి మధ్యనుంచి ఒకడి మనసులోకి మారింది.

ఆ దారిలో ఇంకో అడుగు వేస్తే ఆమె గొంతే ఉండదు. ‘గీత గోవిందం’ (2018)లో ‘ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే’, ‘అల వైకుంఠపురములో’ (2020)లో ‘సామజవరగమన’, ‘బుట్టబొమ్మ’ అన్నీ మగ గొంతు ఒంటరిగా పాడినవే. పాట నిండా ‘నీ’, ‘నువ్వు’ ఉంటుంది. ఎదుట ఉన్న నాయిక నవ్వుతుంది, నడుస్తుంది, జవాబు చెప్పదు. క్షేత్రయ్య పదంలో పురుషుడు ఎక్కడ నిలబడ్డాడో ఇప్పుడు ఆమె అక్కడ నిలబడింది. సినిమా విడుదలకు ముందే పాటను లిరికల్ వీడియోగా ఒక్కొక్కటీ వదలడం, ఒక గాయకుడి పేరు మీదే దాన్ని నడిపించడం దీనికి ఒక కారణం కావచ్చు. కథలో పాట చోటు తగ్గడం మరో కారణం. ఇద్దరు మాట్లాడుకోవాలంటే వాళ్ల మధ్య తేలాల్సిన సంగతి ఒకటి ఉండాలి. సందర్భం లేని పాటకు పొగడ్త సరిపోతుంది, పొగడ్తకు ఒక గొంతు చాలు.

సినిమా వదిలేసిన ఈ చోటును యూట్యూబులోని తెలంగాణ జానపదం పట్టుకుంది. పెద్ద స్టూడియోలు, పెద్ద పేర్లు లేకుండా వచ్చే ఈ పాటల్లో బావా మరదళ్లు, మొగుడూ పెళ్లాలు మాటకు మాట అనుకుంటారు. ఈమధ్య ఊరూరా మోగిన ‘రాను బొంబైకి రాను’ పాత పద్ధతి పాటే. అతను అద్దాల మేడలున్నాయని, చీరలున్నాయని ఆశ పెడతాడు, ఆమె అవేవీ వద్దని, రానని చెబుతుంది. అతను మరో ఆశ చూపిస్తాడు, ఆమె మళ్లీ రానంటుంది. పాలమూరు నుంచి కూలీలతో బొంబాయికి బస్సులు నడిచిన ప్రాంతంలో ఆ ఊరి పేరు వట్టి ప్రాసకోసం వచ్చింది కాదు, ఆ ‘రాను’ వెనక ఎన్నో ఇళ్ల సంగతి ఉంది. పెళ్లి బరాత్‌లో డీజే ముందు ఎగిరేవాళ్లకు అదంతా పట్టకపోవచ్చు. కానీ పాట మధ్యలో ఆపి చూస్తే అబ్బాయిలు అతని వంతు, అమ్మాయిలు ఆమె వంతు వాళ్లే అందుకుంటారు. ‘రాను’ దగ్గర అమ్మాయిల గొంతే గట్టిగా వినిపిస్తుంది.